పారేసే కప్పు ఎవరికి చవక?

టీ కప్పును గూర్చి కార్మికోద్యమ పత్రికలో వ్యాసం వ్రాయవలసిన అగత్యం ఏమి వచ్చిందని కొందరు మిత్రులు ప్రశ్నించవచ్చు. వేతనాలు, ఖాళీల భర్తీ, ప్రైవేటీకరణ వంటి జీవన్మరణ సమస్యలు ముందుండగా, హోటళ్ళలో కడిగి వాడే గ్లాసులు ఉండాలా, వాడి పారేసే కప్పులు ఉండాలా అన్న చర్చ తీరుబడి గల పెద్దమనుషుల వ్యవహారమని వారి అభిప్రాయం. ఈ అభిప్రాయం సరైనది కాదు. ఒకసారి వాడి పారవేసే పద్ధతి ఎవరి ఖర్చును తగ్గించింది, ఆ ఖర్చును ఎవరి నెత్తిన రుద్దింది అని పరిశీలిస్తే, ఇది మొదటి నుండి చివరి దాకా శ్రమకు సంబంధించిన ప్రశ్న అని తేటతెల్లమవుతుంది.

కప్పును ఎవరో ఒకరు కడగాలి. లేదా ఎవరో ఒకరు ఏరాలి. మూడవ మార్గం లేదు. కడిగే మనిషికి హోటలు యజమాని కూలి ఇవ్వాలి. ఏరే మనిషికి ఆయన ఏమీ ఇవ్వనక్కరలేదు. పారేసే కప్పు రహస్యమంతా ఈ ఒక్క తేడాలోనే ఉన్నది.

ఖరగ్‌పూర్ ఇచ్చిన సాక్ష్యం

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపుతో పాటు పెరిగిన ఊరు ఖరగ్‌పూర్. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుండి రైలుపట్టాల వెంబడి వచ్చిన తెలుగు కార్మికులు ఈ ఊరి రైల్వే కాలనీలలో తరతరాలుగా కాపురముంటున్నారు. 1927లో రిట్రెంచిమెంటుకు వ్యతిరేకంగా ఖరగ్‌పూర్ వర్క్‌షాపు కార్మికులు సాగించిన పోరాటం, అందులో వి. వి. గిరి నిర్వహించిన పాత్ర మన ఉద్యమ చరిత్రలో భాగం. ఖర్చు తగ్గింపు పేరుతో మనిషిని తొలగించడం అంటే ఏమిటో ఈ ఊరికి ఎవరూ క్రొత్తగా నేర్పనక్కరలేదు.

అదే ఊరిలో, ఒకనాటి హిజ్లీ నిర్బంధ శిబిరం స్థలంలో, 1951లో దేశంలోని మొట్టమొదటి ఐఐటీ వెలసింది. ఆ సంస్థలో సివిల్ ఇంజనీరింగు శాఖకు చెందిన సుధా గోయల్, ఆమె సహ పరిశోధకులు కాగితం కప్పును పరీక్షకు పెట్టి, తమ ఫలితాలను 2020లో ప్రకటించారు. కాగితం తడిసి చివికిపోకుండా కప్పు లోపలి వైపున పలుచని పొర అతికిస్తారు. అది చాలా వరకు ప్లాస్టిక్కే. అటువంటి కప్పులో 100 మిల్లీలీటర్ల వేడినీరు పోసి 15 నిమిషాలు ఉంచితే, ఆ నీటిలోకి సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు చేరుతున్నవని వారు తేల్చారు. రోజుకు మూడు కప్పులు తాగే మనిషి కంటికి కనిపించని 75,000 రేణువులను మింగుతున్నాడన్నమాట.

ఇక్కడ అతిశయోక్తులకు పోనక్కరలేదు. ఈ రేణువుల వలన ఫలానా రోగం వచ్చి తీరుతుందని ఆ అధ్యయనం తీర్పు చెప్పలేదు. అయితే కాగితం కప్పు వట్టి కాగితం కాదని, వేడి తగిలినప్పుడు దాని లోపలి పొర చెక్కుచెదరక ఉండదని నిర్ద్వంద్వంగా నిరూపించింది. టీని అయిదు నిమిషాలలో తాగివేస్తాము గదా అని వాదించేవారు, పని మధ్యలో యంత్రం ప్రక్కన పెట్టిన కప్పు ఎంతసేపు అలా ఉండిపోతుందో వర్క్‌షాపు కార్మికుణ్ణి అడిగితే తెలుస్తుంది. ఇక పార్సెల్ టీ సంగతి చెప్పనే అక్కరలేదు. పొగలు గ్రక్కే టీని పలుచని ప్లాస్టిక్ సంచిలో పోసి, మూతిని దారంతో బిగించి, దానికి తోడుగా పది కాగితం కప్పులు చేతికిస్తున్నారు. ఆ టీ ఆఫీసుకు చేరే దాకా ప్లాస్టిక్‌లోనే ఉడుకుతుంది.

చవక అన్న మాటలోని మోసం

పారేసే కప్పు చవక అని హోటలు యజమానుల ప్రధాన వాదన. ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక కార్మికుడు రోజుకు మూడు టీల చొప్పున సంవత్సరంలో 300 రోజులు డ్యూటీలో టీ తాగితే 900 కప్పులు పారవేస్తాడు. వేయిమంది సభ్యులున్న ఒక బ్రాంచి సంవత్సరంలో 9 లక్షల కప్పులు పారవేస్తుంది. 30 ఏళ్ళ సర్వీసు పూర్తి చేసి రిటైరయ్యే మనిషి తన వంతుగా 27,000 కప్పులను వెనుక వదలి వెళతాడు. స్టీలు గ్లాసు అయితే, ఆ మనిషి సర్వీసంతటికీ ఒకటో రెండో చాలును.

ఈ 9 లక్షల కప్పులు ఎక్కడికి పోతున్నవి? ప్లాట్‌ఫారం మీది నుండి పట్టాల మధ్యకు, కాలనీ వీధి నుండి మురుగు కాలువలోకి, బజారు నుండి చెత్తదిబ్బకు. పట్టాల మధ్య వంగి వాటిని ఏరుతున్నవారు కాంట్రాక్టు సఫాయీ కార్మికులు. వానాకాలంలో మూసుకుపోయిన కాలువలోకి దిగి చేతులతో పూడిక తీస్తున్నవారు మునిసిపల్ పారిశుద్ధ్య కార్మికులు. చిత్తు కాగితాలు ఏరుకొని బ్రతికేవారు సైతం ఈ కప్పును ముట్టరు. ఖాళీ నీళ్ళ సీసాను అమ్మితే నాలుగు డబ్బులు వస్తాయి. కాగితమూ ప్లాస్టిక్కూ విడదీయరాకుండా అంటుకొని ఉన్న ఈ కప్పును పాతసామాన్ల వ్యాపారి కొనడు. కాల్చివేస్తే ఆ పొగ పీల్చేదీ బస్తీ ప్రజలే.

ఒకప్పుడు ప్రతి హోటలులో గ్లాసులు కడగడానికి ఒక మనిషి ఉండేవాడు. పారేసే కప్పు వచ్చి ఆ ఉద్యోగాన్ని ఎత్తివేసింది. యజమానికి ఒక కూలి మిగిలింది. ఆ పని మాత్రం అంతరించలేదు. రూపు మార్చుకొని సఫాయీ కార్మికుని వీపు మీదికి ఎక్కింది. అందుకుగాను అతని జీతం ఒక్క రూపాయి పెరగలేదు, అతని జట్టులో ఒక్క మనిషి పెరగలేదు. లాభం దుకాణానిది, చాకిరీ వీధిది, ఖర్చు ప్రజలది. దీనిని చవక అనడం కంటే పెద్ద అబద్ధం మరొకటి లేదు.

గ్లాసులు కడిగే ఆ పాత కాలాన్ని మనం కీర్తించడం లేదు. అనేక హోటళ్ళలో ఆ పని చేసింది పసివాళ్ళు. హోటళ్ళలో, టీ దుకాణాలలో 14 ఏళ్ళ లోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని 2006 అక్టోబరు 10 నుండి ప్రభుత్వం నిషేధించింది. గ్లాసు తిరిగి రావడమంటే ఆ పిల్లవాడు తిరిగి తొట్టి దగ్గర కూర్చోవడం కాదు. కడగడం పెద్దలు చేసే, కనీస వేతనం పొందే, వేడినీళ్ళూ చేతితొడుగులూ ఉండే ఉద్యోగం కావాలి. ఈ షరతు లేకుండా గ్లాసును సమర్థించేవారితో మనకు పొత్తు లేదు.

నిషేధంలో మిగిలిన కంత

కేంద్ర ప్రభుత్వం 2021 ఆగస్టులో నియమాలు సవరించి, 2022 జూలై 1 నుండి ప్లాస్టిక్ కప్పులు, గ్లాసులు, ప్లేట్లు, చెంచాలు, స్ట్రాల వంటి ఒకసారి వాడే వస్తువులను నిషేధించింది. మంచిదే. కాని ఆ జాబితాలో లోపల ప్లాస్టిక్ పూసిన కాగితం కప్పు చేరలేదు. తలుపు మూసి కిటికీ తెరిచినట్లయింది. ప్లాస్టిక్ కప్పు ఖాళీ చేసిన స్థానంలో, లోపల ప్లాస్టిక్ ధరించిన కాగితం కప్పు కూర్చున్నది. దానిపై పచ్చని ఆకు బొమ్మ అచ్చు వేసి ప్రకృతికి మిత్రుడంటూ అమ్ముతున్నారు.

ఇది తప్పనిసరి పరిస్థితి ఏమీ కాదు. తమిళనాడు రాష్ట్రం 2019 జనవరి 1 నుండి అమలుచేసిన నిషేధంలో ప్లాస్టిక్ పూసిన కాగితం కప్పును కూడా చేర్చింది. కప్పుల తయారీదారులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు కప్పుల నిషేధంలో జోక్యం చేసుకోవడానికి నిరాకరించింది. ఒక రాష్ట్రం చేయగలిగిన పనిని తక్కిన రాష్ట్రాలు ఎందుకు చేయలేవో వాటి ప్రభుత్వాలు ప్రజలకు సంజాయిషీ చెప్పుకోవాలి. అయితే ఆ కప్పులు తయారుచేసే చిన్న కర్మాగారాలలో పనిచేస్తున్నవారు కూడా మన సోదరులే. నిషేధం ప్రకటించే ప్రభుత్వమే వారికి ప్రత్యామ్నాయ ఉపాధి చూపవలసి ఉంటుంది.

మట్టి ముంత మోజు

రైల్వే మంత్రులకు అప్పుడప్పుడు మట్టి ముంత మీద ప్రేమ పుట్టుకొస్తుంది. 2004లో లాలూ ప్రసాద్ యాదవ్ రైళ్ళలో మట్టి ముంతలు ప్రవేశపెట్టారు. కొన్నేళ్ళు తిరగకుండానే పారేసే కప్పులు మళ్ళీ ప్లాట్‌ఫారాలను ఆక్రమించాయి. 2020 నవంబరులో పీయూష్ గోయల్, అప్పటికి దాదాపు 400 స్టేషన్లలో మట్టి ముంతలలో టీ ఇస్తున్నారని చెప్పి, ఇక దేశంలోని స్టేషన్లన్నింటిలోనూ అదే పద్ధతి అన్నారు. ఆ మాట ఏ మేరకు నెరవేరిందో తెలుసుకోవాలంటే మీ స్టేషనులో చెత్తడబ్బాలోకి తొంగిచూస్తే చాలును.

బెంగాలులో 'భాఁడ్' అని పిలిచే ఈ ముంతకు దీర్ఘ చరిత్ర ఉంది. దాన్ని నమ్ముకొని బ్రతికే కుమ్మరి వృత్తివారి పట్ల మనకు పూర్తి సానుభూతి ఉంది. ప్లాస్టిక్ పొర మింగడం కన్న మట్టి ముంత మేలని ఒప్పుకోవలసిందే. కాని అది కూడా ఒక్కసారి వాడి పగలగొట్టేదే. దానికి పొలం మట్టి కావాలి, ఆవంలో కాల్చడానికి వంటచెరకో బొగ్గో కావాలి. కాలిన మట్టి విస్తరాకు మాదిరిగా నాలుగు వానలకు నేలలో కలిసిపోదు. పూటకు కొన్ని వేలమంది దిగే జంక్షనులో ప్రతి టీకీ ఒక ముంత కాల్చి, పగలగొట్టి, ఆ పెంకులను మళ్ళీ సఫాయీ కార్మికునిచేతనే ఎత్తించడం పరిష్కారం అనిపించుకోదు.

శుభ్రత పేరుతో వ్యాపారం

కడిగిన గ్లాసు అపరిశుభ్రమని, పారేసే కప్పు ఆరోగ్యకరమని మరొక వాదన. ఈ వాదన పుట్టింది కూడా రైల్లోనే. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం 1909లో, రైళ్ళలోనూ బడులలోనూ ప్రయాణికులు, పిల్లలు అందరూ ఒకే కప్పుతో నీళ్ళు తాగే అలవాటును నిషేధించింది. క్షయ వంటి అంటురోగాల భయం అందుకు కారణం. ఆ భయం సహేతుకమైనదే. కాగితం కప్పు తయారీదారులు ఆ సందర్భాన్ని తమ వ్యాపారానికి మెట్టుగా చేసుకున్నారు. జబ్బు అంటించింది కడగని కప్పు. వారు బహిష్కరింపజేసింది కప్పును కడిగే పద్ధతినే.

ఆసుపత్రిలో సర్జను కత్తెరను క్రిమిరహితం చేసి మళ్ళీ వాడుతున్నాము. ఇంటింటా కంచం, గ్లాసు కడుక్కొని తింటున్నాము, తాగుతున్నాము. ఇక టీ గ్లాసుకు మాత్రం కడిగితే పోని మైల ఏమున్నది? ఒకే బొక్కెనలోని మురికినీటిలో యాభై గ్లాసులు ముంచి తీసే పద్ధతి అసహ్యమైనదే. దానికి మందు సబ్బు, వేడినీరు, పారే కుళాయి. ఆ కుళాయి ఎందుకు లేదు? చిన్న దుకాణదారునికి నీటి వసతి ఎవరూ కల్పించలేదు గనుక. స్టాలు నుండి లైసెన్సు ఫీజు వసూలు చేయడం తెలిసిన అధికారులకు, ఆ స్టాలు ప్రక్కన ఒక కడుగు తొట్టి కట్టించడం తెలియకపోవడం శోచనీయం.

రెండు గ్లాసుల చరిత్రను మరువరాదు

ఇక్కడ ఒక గంభీరమైన అభ్యంతరాన్ని ఎదుర్కోవలసి ఉంది. దాన్ని తప్పించుకొని పోవడం నిజాయితీ కాదు. మన తెలుగు పల్లెలలో టీ హోటళ్ళు రెండు రకాల గ్లాసులు పెట్టేవి. దళితులకు వేరే గ్లాసు, దాన్ని తాగినవారే కడిగి పెట్టాలి. బ్రిటిష్ వారి కాలంలో స్టేషన్లలో హిందువుల మంచినీళ్ళు వేరు, ముస్లిముల మంచినీళ్ళు వేరు. అందుచేత, ఎవరు తాగినదో ఎవరూ అడగని కాగితం కప్పు తమను ఒక అవమానం నుండి తప్పించిందని దళిత సోదరులు అంటే, ఆ మాటలోని బాధను అర్థం చేసుకోవాలి.

అయితే కప్పు ఆ అవమానాన్ని రద్దు చేసిందా? చేయలేదు, కనిపించకుండా దాచింది. ఒకరు తాగిన గ్లాసుతో ఇంకొకరు తాగరాదన్న పాత మడి, ఆరోగ్యం వేషం వేసుకొని అందులోనే కొనసాగుతున్నది. పైగా ఆ కప్పును ఏరే పని అధిక భాగం పడింది ఎవరి మీద? తరతరాలుగా ఊడ్చే పనికి కట్టివేయబడిన ఆ కులాల మీదనే. గ్లాసు దగ్గర తప్పిన అవమానం చెత్తబుట్ట దగ్గర ఎదురైంది.

అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసింది. హోటలులో ప్రజల వాడకం కోసం ఉంచిన పాత్రలను వాడుకోనివ్వకపోవడం 1955 నాటి చట్టం క్రింద నేరం. కనుక గ్లాసు తిరిగి రావాలంటే ఒకే రకం గ్లాసు, ఒకే తొట్టి, ఒకే వరుస అన్న షరతుతో రావాలి. ఎక్కడైనా రెండవ గ్లాసు కనిపిస్తే, దానిపై ఫిర్యాదు చేసి కేసు పెట్టించే బాధ్యత స్థానిక యూనియన్ స్వీకరించాలి. ఎవరి పెదవులు తాకినదో అడగకుండా అందరూ ఒకే గ్లాసుల వరుస నుండి తాగడం కార్మిక ఐక్యతకు చిన్న పరీక్ష ఏమీ కాదు.

"మీ గ్లాసు మీరే తెచ్చుకోండి"

నేడు కొందరు పర్యావరణ ప్రచారకులు ప్రజలకు ఈ హితబోధ చేస్తున్నారు. మనకు అది క్రొత్త సంగతి కాదు. వర్క్‌షాపుకు టిఫిన్ క్యారియరు మోసుకుపోయే కార్మికుడు, వాల్తేరు నుండి రైలెక్కేటప్పుడు మరచెంబుతో మంచినీళ్ళు తెచ్చుకున్న తల్లి, ఈ పాఠాన్ని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. సొంత గ్లాసు తెచ్చుకోగలవారు తప్పక తెచ్చుకోవాలి; హోటలువాడు అందులో పోసి ఇవ్వాలి. కాని రోజుకూలీ, బండి లాగేవాడు, రైలు అందుకోవడానికి పరుగెత్తే ప్రయాణికుడు గ్లాసు జేబులో పెట్టుకొని తిరగలేరు. తప్పంతా తాగేవాడి మీదికి నెట్టి, అమ్మేవాడిని విడిచిపెట్టే హితబోధ యాజమాన్యానికే మేలు చేస్తుంది.

బాధ్యతను అమ్మేవాడి మీద పెట్టడం సాధ్యమే. జర్మనీలో 2023 జనవరి 1 నుండి, పార్సెల్ అమ్మే హోటళ్ళు పారేసే డబ్బాతో పాటు తిరిగి వాడే పాత్రను కూడా, ఎక్కువ ధర లేకుండా, ఇవ్వజూపాలని చట్టం చేశారు. అయిదుగురికి మించని పనివారు గల చిన్న దుకాణాలకు మినహాయింపు ఇచ్చి, కొనుగోలుదారు తెచ్చిన పాత్రలో పోసి ఇస్తే చాలునన్నారు. ఆ దేశంలోని ట్యూబింగెన్ నగరం 2022 నుండి పారేసే ప్రతి కప్పు మీద 50 సెంట్ల పన్ను వేసింది. ఆ పన్ను చెల్లుతుందని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తీర్పును 2025 జనవరిలో ప్రకటించింది.

అంత దూరం పోనక్కరలేదు. తిరుమల కొండ మీద మంచినీళ్ళు గాజు సీసాలో అమ్మి, ఖాళీ సీసా తిరిగి ఇస్తే దాని పైకం వాపసు చేస్తున్నారు. సిద్దిపేట జిల్లా గ్రామాలలో మహిళా సంఘాలు స్టీలు బ్యాంకులు పెట్టి, పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ కంచాలు, గ్లాసులు అద్దెకు ఇస్తున్నవి. గోలీసోడా త్రాగి సీసా తిరిగి ఇవ్వడం మన తాతల నాటి అలవాటు. కాఫీ బోర్డు తన కాఫీ హౌసులను మూసివేసినప్పుడు, ఏ. కె. గోపాలన్ ప్రోత్సాహంతో 1957 నుండి కార్మికులే సహకార సంఘాలు పెట్టుకొని ఇండియన్ కాఫీ హౌసులను నడిపారు. అక్కడ కప్పు కడిగేవాడు కూలివాడు కాదు, సంఘ సభ్యుడు. కడగడం గౌరవప్రదమైన ఉద్యోగం కాగలదనడానికి ఇంతకన్న రుజువు అక్కరలేదు.

మన కోర్కెలు

ఈ సమస్యపై మన బ్రాంచీలు ఈ క్రింది కోర్కెలను చేపట్టాలి.

1. రైల్వే, ప్రభుత్వ, ఫ్యాక్టరీ క్యాంటీన్లలో కూర్చొని తాగేవారికి స్టీలు లేక గాజు గ్లాసులోనే టీ ఇవ్వాలి.

2. గ్లాసులు కడిగే పనికి అదనపు ఉద్యోగాలు మంజూరు చేయాలి. ఉన్న సిబ్బంది మీద ఈ భారం మోపరాదు. పద్దెనిమిదేళ్ళు నిండనివారిని ఈ పనిలో పెట్టరాదు.

3. ప్లాట్‌ఫారం స్టాళ్ళకు, బజారులోని చిన్న దుకాణాలకు కుళాయి, కడుగు తొట్టి, వేడినీటి వసతిని రైల్వే, మునిసిపల్ అధికారులు తమ ఖర్చుతో కల్పించాలి. చిన్న దుకాణదారుని మీద జరిమానాలతో విరుచుకుపడరాదు.

4. పార్సెల్ టీకి డిపాజిటు పద్ధతి మీద ఫ్లాస్కు, గ్లాసులు ఇవ్వాలి. తిరిగి ఇచ్చిన వెంటనే పైకం వాపసు చేయాలి.

5. ప్లాస్టిక్ పూసిన కాగితం కప్పును కేంద్ర నిషేధ జాబితాలో చేర్చాలి. ఆ లోగా కప్పుల తయారీ సంస్థల నుండి రుసుము వసూలు చేసి, దానిని పారిశుద్ధ్య కార్మికుల వేతనాలకు, రక్షణ సామగ్రికి వినియోగించాలి.

6. ఏ హోటలులోనూ రెండు రకాల గ్లాసులు ఉండరాదు.

ఇతరులను అడిగే ముందు మన ఇల్లు మనం చక్కదిద్దుకోవాలి. మన మహాసభలలో, ధర్నా శిబిరాలలో, మే డే ఊరేగింపులలో పారేసే కప్పు కనిపించరాదు. ప్రతి బ్రాంచి చందా వేసుకొని రెండు వందల స్టీలు గ్లాసులు కొనడం అసాధ్యమైన పని కాదు. వాటిని కడిగే పని వంతులవారీగా అందరికీ పడాలి. ఆ వంతులో ఆఫీసు బేరర్ల పేర్లు మొదట ఉండాలి. సభ ముగిసిన పిమ్మట మైదానంలో మన కప్పులను ఏరుతున్న సఫాయీ కార్మికునికి, ఆ సభలో మనం చేసిన శ్రామిక ఐక్యతా తీర్మానం ఏ విధంగానూ నమ్మకం కలిగించలేదు. గ్లాసు కడిగి బోర్లించి వెళితే, అతనితో మనం మాట్లాడే మాటకు విలువ ఉంటుంది.